నొప్పి లేని కాటు

2018 జూలై, ఆగస్టుల్లో కృష్ణా డెల్టాలోని దివిసీమలో పాముకాట్లు వంద దాటాయి. నాట్ల కాలం. అయినా పొలంలో కాలు పెట్టడానికి కూలీలు జంకారు. చివరికి ఆగస్టు నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో ప్రభుత్వ యంత్రాంగమే పూనుకుని సర్పశాంతి యాగం చేయించింది. దేశమంతా ఆ వార్తను వింతగా చదివింది. కొందరు వెక్కిరించారు, కొందరు వెనకేసుకొచ్చారు, చర్చ యాగం చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోయింది. ఆ రెండు నెలలూ ఊళ్ళలో జనాన్ని నిజంగా వేధించిన ప్రశ్నల జోలికి వెళ్ళినవాళ్ళు తక్కువ. గట్టు మీద నడుస్తుంటే కాలికి చురుక్కుమంటే అది ముల్లా, పీతా, పురుగా? అర్ధరాత్రి కడుపునొప్పి లేస్తే తిన్నది అరగకా, ఇంకేదైనానా? చెయ్యి తిమ్మిరెక్కి, నోరెండి, గుండె దడదడలాడితే అది విషమా, భయమా? కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం మొదలు సముద్రపు అంచున నాగాయలంక, కోడూరు దాకా వానాకాలం వచ్చిందంటే ఇంటింటా పుట్టే అనుమానాలివి. వీటికి శాస్త్రం దగ్గర చాలావరకు స్పష్టమైన జవాబులే ఉన్నాయి. అయితే ఆ జవాబులు మన సహజమైన భయానికి ఎదురు తిరుగుతాయి. మనం నొప్పికి భయపడతాం, వాపుకి భయపడతాం, పాము పొడవుకి భయపడతాం. డెల్టాలో ప్రాణాలు తీసే కాట్లలో ఒకదానికి ఈ మూడూ ఉండకపోవచ్చు. ఏ లక్షణానికి బెంబేలెత్తాలి, దేన్ని తేలిగ్గా తీసుకోవచ్చు అన్న తీర్పు ఇంటి అరుగు మీద చెయ్యదగ్గది కాదనీ, దానికి గడియారమూ గాజు గొట్టమూ ఉన్న చోటు కావాలనీ నా వాదన.

ముందు ఋతువు సంగతి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలాక కృష్ణా తూర్పు గట్టు (కె.ఇ.బి.) కాలువ మీదుగా దివిసీమ శివారు పొలాలకు చేరేసరికి తొలకరి ముదురుతుంది. అప్పటిదాకా బీటలు వారిన చేలలో, గట్ల బొరియల్లో తలదాచుకున్న ఎలకలు నీరు నిండగానే గట్టెక్కుతాయి, వాటి వెనకే పాములూ ఎక్కుతాయి. రక్తపింజర పిల్లల్ని పెట్టేదీ, తాచు గుడ్లు పగిలేదీ ఇంచుమించు ఈ నెలల్లోనే. మనుషులు మోకాలి లోతు బురదలో చేతులు పెట్టి నారు పీకేదీ, చీకట్లో మడవ తిప్పడానికి ఒంటరిగా వెళ్ళేదీ ఈ నెలల్లోనే. మనిషికీ పాముకీ ఒకే గట్టు మిగులుతుంది. సైక్లోను వచ్చి కరకట్టలు తెగిన ఏడాది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంతకుమించి దైవాగ్రహమో, అడవిలోంచి ఎవరో పాముల్ని తెచ్చి వదలడమో ఊహించుకోనవసరం లేదు. మనదేశంలో దాదాపు 300 పాము జాతులున్నాయి. వాటిలో విషమున్నవి 60కి పైగా ఉన్నా, డెల్టా రైతుకు ప్రాణాంతకంగా తారసపడేవి ప్రధానంగా మూడే: రక్తపింజర, తాచు, కట్లపాము. నాలుగోది చిన్నపింజర, అది మెట్ట నేలల పాము. గట్ల వెంట ఎక్కువగా కనపడి ఎక్కువగా భయపెట్టే జెర్రిపోతుకీ, కాలువల్లో ఈదే నీటిపాముకీ మనిషిని చంపే విషం లేదు.

మూడింటిలో రక్తపింజరది బహిరంగ యుద్ధం. కాటు పడిన వెంటనే మంట, కొద్దిసేపట్లో వాపు, ఆ వాపు పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి పాకడం. కంటికి కనపడుతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. నిజమైన ప్రమాదం మాత్రం కంటికి కనపడని చోట నడుస్తుంటుంది. దాని విషంలోని ఎంజైములు నెత్తురు గడ్డకట్టే ప్రక్రియను నడిమధ్యలో పట్టుకుని ఉసిగొల్పుతాయి. రక్తనాళాల నిండా సూక్ష్మమైన గడ్డలు ఏర్పడి, గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తు ఖర్చైపోతుంది. సరుకంతా అయిపోయాక మిగిలిన నెత్తురు ఇక గడ్డకట్టలేదు. చిగుళ్ళ వెంట, మూత్రంలో, పాత పుండులోంచి, ఒక్కోసారి మెదడులో స్రవిస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ స్థితిని కనిపెట్టే పరీక్షకు పైసా ఖర్చు లేదు. రోగి నెత్తురు రెండు మిల్లీలీటర్లు తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, మెల్లగా వంచి చూడాలి. తోడుకున్న పెరుగులా నిలిస్తే ఆ క్షణానికి ఫరవాలేదు, నీళ్ళలా జారితే విషం పని చేస్తున్నట్టే. గొట్టం గాజుదే కావాలి. నెత్తురు గాజును తాకడం వల్లే గడ్డకట్టే క్రియ మొదలవుతుంది, ప్లాస్టిక్ గొట్టంలో అది సరిగా జరగదు. సబ్బు నీళ్ళతో కడిగి వాడిన గొట్టమూ తప్పు చెబుతుంది. ఒక్కసారి గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపెయ్యకూడదు. జాతీయ చికిత్సా విధానం ప్రకారం మొదటి మూడు గంటలూ అరగంటకోసారి, ఆ తర్వాత గంటకోసారి మళ్ళీ చూడాలి, రోజంతా మనిషిని కనిపెట్టి ఉండాలి. వాపు కొలత ఈ పరీక్షకు బదులు కాదు. కాలు బాగా వాచినా నెత్తురు మామూలుగానే ఉండవచ్చు, వాపు పెద్దగా లేకుండానే నెత్తురు నీరైపోయి ఉండవచ్చు.

తాచు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పడగ విప్పుతుంది, బుస కొడుతుంది, కరిస్తే నొప్పీ వాపూ ఉంటాయి, అరగంట నుంచి కొన్ని గంటల్లోపల కళ్ళు మూతలు పడతాయి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మన జనానికి దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. దాని విషం నరానికీ కండకీ మధ్య కండవైపున్న గ్రాహకాలను మూసేస్తుంది. ఆ మూత ఊడదీయవచ్చు. విరుగుడు మందు సమయానికి అందితే కోలుకోవడమూ త్వరగానే ఉంటుంది.

ఇక కట్లపాము. అసలు గందరగోళమంతా దీనిదే. పగలు మెత్తగా, పట్టుకున్నా కరవనట్టుగా ఉంటుంది, చీకటి పడ్డాక దాని తీరే వేరు. ఎలకల కోసమో చిన్న పాముల కోసమో ఇంట్లోకి వచ్చి, కింద పడుకున్న మనిషి పక్కన చేరి, అతను పక్కకి దొర్లినప్పుడు కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. చాలామందికి నిద్రలో మెలకువే రాదు. తెల్లారి వెతికినా గాటు దొరక్కపోవచ్చు, దొరికినా దోమకాటులా ఉంటుంది, వాపు ఉండదు. తెల్లవారుజామున మనిషి లేచి కడుపులో తిప్పుతోందనో, నొప్పిగా ఉందనో, గొంతు పట్టేసిందనో అంటాడు. ఇంట్లోవాళ్ళు వామునీళ్ళిస్తారు. కాసేపటికి కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి, నిద్ర చాలలేదనుకుంటారు. ఆ తర్వాత ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముద్దవుతుంది, ఉమ్ము మింగుడుపడదు, తల దిండు మీంచి లేవదు. చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. ఉత్తర భారతంలోనూ వైద్యులు ఈ దృశ్యాన్ని ఎన్నోసార్లు నమోదు చేశారు: వానాకాలం, నేల మీద పడక, ఉదయాన్నే కారణం తెలియని పక్షవాతం, ఒంటిమీద ఎక్కడా గాటు లేదు. దీని విషంలోని ప్రధాన పదార్థం నరం కొసనే ధ్వంసం చేస్తుంది. కండరానికి ఆజ్ఞ మోసుకెళ్ళే రసాయనం విడుదల కావలసిన చోటే పాడైపోతుంది. ఒకసారి పాడయ్యాక ఎన్ని సీసాల విరుగుడిచ్చినా అది వెంటనే బాగుపడదు, నరం కొస తిరిగి మొలవాలి, దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందాకా కృత్రిమ శ్వాస మీద ఉంచగలిగితే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. ఇలాంటి రోగి కళ్ళు తెరవలేడు, వేలు కదపలేడు, కంటిపాపలు కూడా పెద్దవై వెలుగుకు స్పందించకపోవచ్చు. చూసేవాళ్ళకి అంతా అయిపోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం అతనికి మెలకువ ఉండవచ్చు, మంచం పక్కన ఎవరు ఏడుస్తున్నదీ వినపడుతుండవచ్చు. ప్రాణం పోయిందని తేల్చేముందు కట్లపాము మాట గుర్తుకు రావలసింది ఇందుకే. దీనికి నివారణ మాత్రం ఆశ్చర్యపరిచేంత సులువు. నేపాల్ తరాయి గ్రామాల మీద 2007లో వెలువడిన అధ్యయనంలో దోమతెర కట్టుకుని పడుకునేవాళ్ళకు పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. నేల మీద పడుకోక తప్పనివాళ్ళు తెర అంచుల్ని పరుపు కిందికి దోపుకుంటే చాలు, దోమలకి కట్టిన తెరే కట్లపాముకీ అడ్డుపడుతుంది.

మరి భయం సంగతేమిటి? భయానికి సొంత లక్షణాలున్నాయి, అవి చిన్నవేమీ కావు. పాము కరిచిందన్న తలపు రాగానే గుండె వేగం పెరుగుతుంది, చెమటలు పడతాయి, కళ్ళు తిరుగుతాయి, వాంతి వస్తుంది. తెలియకుండానే గబగబా ఊపిరి పీల్చి వదలడం వల్ల నెత్తుటిలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు పుడతాయి, చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. చుట్టూ మూగినవాళ్ళకి ఇదంతా విషం ఎక్కుతున్నట్టే కనపడుతుంది. విషం లేని నీటిపాము కరిచినా, చివరికి ముల్లు గుచ్చుకున్నా ఇవన్నీ జరగవచ్చు. ఇటువైపు చూస్తే కట్లపాము కరిచిన మనిషి తాపీగా కాఫీ తాగుతూ కూర్చుని ఉండవచ్చు. లక్షణాల హడావిడికీ ప్రమాదానికీ పొంతన లేదు. అయితే భయం నటించలేనివి కొన్ని ఉన్నాయి. రెప్పలు వాలిపోవడం వాటిలో మొదటిది. పైకి చూడమంటే కనుగుడ్లు కదులుతాయి గానీ రెప్పలు లేవవు. రెండుగా కనపడడం, నాలుక బయటికి చాచలేకపోవడం, తల నిలపలేకపోవడం, ఒక్క ఊపిరిలో ఇంతకుముందు ఇరవై దాకా లెక్కపెట్టగలిగినవాడు పది దగ్గరే ఆగిపోవడం కూడా అలాంటివే. పల్లెల్లో ఇప్పటికీ వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని అడుగుతారు. రుచి తెలిస్తే విషం ఎక్కలేదని ధైర్యం చెప్పుకుంటారు. ఈ విషాలు దెబ్బకొట్టేది నరానికీ కండరానికీ నడుమ సంధిని, లేదా నెత్తుటిని. నాలుక రుచికి ఆ దారిలో చోటు లేదు. చేదు చక్కగా తెలుస్తుండగానే ఊపిరి ఆగిపోగలదు. ఇంటి పరీక్షలన్నిటిలో ఇదే నాకు ఎక్కువ భయంకరంగా తోస్తుంది. తప్పు భయం కలిగించినా నష్టం లేకపోయేది, ఇది కలిగించేది తప్పుడు ధైర్యం.

ఇక్కడ వైద్యులు చెప్పే రెండు మాటలు పైకి పొసగనట్టుంటాయి. లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి రమ్మంటారు. వచ్చాక లక్షణాలు లేవు కాబట్టి ఇంజక్షను ఇవ్వం అంటారు. కాటు పడ్డవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి గంటలు గడుపుతున్నారనీ, మందు దాచుకుంటున్నారనీ గొడవలు జరిగేది దీనివల్లే. బంధువుల ఆగ్రహాన్ని తప్పుపట్టలేం, వాళ్ళకి కనపడేది మనిషీ గాటూ మాత్రమే. అయితే విరుగుడు మందు అంటే ఏమిటో తెలిస్తే ఆ నిరీక్షణ అర్థమవుతుంది. చెన్నై దాపున 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి తీసే విషాన్ని మందు కంపెనీలు స్వల్ప మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తాయి. వాటి నెత్తుటిలో తయారయ్యే ప్రతిరక్షకాలను శుద్ధి చేసి సీసాల్లో నింపుతాయి. అది గుర్రపు మాంసకృత్తు, మన ఒంటికి పరాయిది. పదిమందిలో ఒకరికి మించి దానికి ప్రతిక్రియ చూపిస్తారు. దద్దుర్లు, వణుకు, వాంతులు, కొందరిలో రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావడం కూడా ఉంటుంది. పక్కన ఎడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని మరీ ఎక్కిస్తారు. మోతాదు లెక్క చూడండి. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుంది. పది మిల్లీలీటర్ల సీసా ఒకటి దాదాపు 6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని అణచగలదు. అందుకే మొదటి మోతాదే 8 నుంచి 10 సీసాలు. పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము పిల్లవాడని తగ్గించి కరవదు. విషం ఎక్కని మనిషికి ఇంత పరాయి పదార్థాన్ని ఎక్కించడం ఊరికే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడం. విషం ఎక్కిన మనిషికి మాత్రం ఆ ప్రమాదం లెక్కలోకి రాదు. ఇద్దర్నీ వేరు చేసేది నిమిష నిమిషానికీ రెప్పల్నీ, గొట్టంలో నెత్తుటినీ చూస్తూ ఉండడమే. ఆ చూపు ఇంట్లో దొరకదు. రెప్ప వాలగానే మందు మొదలు కావాలి, ఊపిరి తగ్గగానే శ్వాసకు గొట్టం వెయ్యాలి. అవనిగడ్డ నుంచి మచిలీపట్నం ముప్పై కిలోమీటర్ల పైమాట, విజయవాడ ఇంకా దూరం. రెప్ప వాలాక బయలుదేరినవాడు దారిలో ఊపిరి పోగొట్టుకుంటాడు. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేయవన్నమాట. నిరీక్షణ తప్పదు, దానికి సరైన చోటు ఆసుపత్రి.

మా ఊళ్ళో మంత్రం వేసేవాడి దగ్గరికి వెళ్ళి ఎందరో బతికారు కదా అన్నది అందరికంటే గట్టి అభ్యంతరం. దాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం తేలిక, కానీ అది జవాబు కాదు, ఎందుకంటే వాళ్ళు నిజంగానే బతికారు. లెక్క కోసం ఊహించుకుందాం. వందమందిని పాములు కరిచాయి, అందులో అరవై విషం లేని పాములవి. మిగిలిన నలభైలో పదిహేను ఉత్తకాట్లు, అంటే విషసర్పమే కరిచినా విషం దింపలేదు. అలా జరగడం అరుదేమీ కాదు, పాముకి తన విషం మీద అదుపుంటుంది. ఇక మిగిలిన పాతికమందిలో వైద్యం లేకపోతే పదిమంది పోతారనుకుందాం. మంత్రగాడు ఏమీ చెయ్యకుండా కూర్చున్నా వందలో తొంభైమంది లేచి నడిచి వెళతారు. తొంభై విజయాలున్న వైద్యుణ్ణి ఎవరు కాదంటారు? పోయిన పదిమందీ ఆలస్యంగా తెచ్చారనో, గడియ మంచిది కాదనో లెక్కలోంచి జారిపోతారు. ఆ పదిమందిని బతికించగలిగేదెవరన్నదే ఏ వైద్యానికైనా అసలు పరీక్ష. కాలికి బిగించి కట్టే తాడు గతి కూడా ఇదే. విషం లేని కాటుకి కట్టినప్పుడు తాడే కాపాడినట్టుంటుంది. రక్తపింజర కాటుకి కడితే విషం ఒకేచోట నిలిచి కండను కుళ్ళబెడుతుంది, ఆసుపత్రిలో ఒక్కసారిగా విప్పితే నిలవ ఉన్నదంతా ఒంట్లోకి ఉరుకుతుంది. గాటు మీద కోసి నెత్తురు పీల్చడం, నెత్తురు గడ్డకట్టని మనిషికి, హత్యతో సమానం. కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకెళ్ళి, 108 ఎక్కించడానికి మించిన ప్రథమ చికిత్స లేదు.

యాగాన్ని కూడా ఇదే తర్కంతో చూడాలి. నాగప్రతిష్ఠలూ మొక్కుబడులూ జరిగే మోపిదేవిలో జనం ధైర్యం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. దాన్ని ఎగతాళి చేసినవాళ్ళలో రాత్రి మడవ తిప్పడానికి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు. అయితే ఆగస్టు నెలాఖరున చేసిన ఏ పనైనా ఫలించినట్టే కనపడుతుంది. నాట్లు అయిపోతాయి, నీరు నిలకడగా ఉంటుంది, పాములు సర్దుకుంటాయి, కాట్లు వాటంతటవే తగ్గుముఖం పడతాయి. ఆ పని వల్లే తగ్గాయని చెప్పాలంటే అది చెయ్యని ఏడాదితోనూ, చెయ్యని మండలంతోనూ పోల్చాలి. ఇంకో సంగతి, వంద దాటాయన్న ఆ అంకెను చూసి అందరూ హడలిపోయారు గానీ దాన్ని తిరగేసి చదవవచ్చు. వంద కాట్లు లెక్కకెక్కాయంటే వందమంది ఆసుపత్రి గడప తొక్కారన్నమాట, వాళ్ళలో చనిపోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. దేశం మొత్తం మీద పరిస్థితి ఇలా లేదు. ఇంటింటి మరణాల సర్వే ఆధారంగా 2011లో వెలువడిన అధ్యయనం భారతదేశంలో ఏటా దాదాపు 46 వేలమంది పాముకాటుతో పోతున్నారని లెక్కగట్టింది. అందులో 97 శాతం పల్లెవాళ్ళు. ఆసుపత్రుల్లో పోయినవాళ్ళు 23 శాతమే, మిగతావాళ్ళు ఇళ్ళలో, దారుల్లో, మంత్రగాళ్ళ వాకిళ్ళలో పోయారు. 2020లో వెలువడిన తదుపరి లెక్క 2000 నుంచి 2019 దాకా మొత్తం 12 లక్షల మరణాలని చెప్పింది. ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆసుపత్రి రిజిస్టర్లలో కాట్లు తక్కువగా కనపడే జిల్లా సురక్షితమని చెప్పలేం, అక్కడ జనం ఆసుపత్రికి రావడం లేదేమో కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి 2030కల్లా మరణాలను సగానికి తగ్గించాలని గురి పెట్టుకుంది. అదే ఏడాది నవంబరులో ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చెయ్యాలని రాష్ట్రాలను కోరింది. నమోదు మొదలైతే కాట్ల సంఖ్య పెరిగినట్టు కనపడుతుంది. అప్పుడు మళ్ళీ ఎవరూ హడలిపోకూడదు.

పాముని చంపి తీసుకెళితే డాక్టరుకి తేలికవుతుందన్న నమ్మకం కూడా బలమైనదే. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ ఏళ్ళ తరబడి కోస్తా పాముల్ని పోగుచేసి, కుక్కల మీదా కోళ్ళ మీదా వాటి విషాన్ని పరీక్షించి, 1796లో రంగుల బొమ్మలతో గ్రంథం వేశాడు. విషమున్న పామేదో లేనిదేదో జనం చూసి గుర్తుపట్టగలగాలన్నది అతని తాపత్రయం. రక్తపింజరకి శాస్త్రలోకంలో అతని పేరే నిలిచింది. కానీ పరుగు తీస్తున్న మనిషి, చీకట్లో, బురదలో, పొలుసులు లెక్కపెట్టలేడు. కట్లపాములాగే ఒంటిమీద చారలున్న విషం లేని పాములు మన ఇళ్ళలోనే తిరుగుతాయి. వాటిని చూసి కట్లపాము అనుకుంటే కొంత కంగారుతో పోతుంది, కట్లపామును చూసి అవే అనుకుంటే ప్రాణమే పోతుంది. మన దగ్గర దొరికే విరుగుడు నాలుగు ప్రధాన పాములకీ కలిపి చేసింది కాబట్టి పాము పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. పామును వెతికి చంపడానికి పోయే అరగంట పోగా, తల తెగిన పాము కూడా కొంతసేపు కరవగలదు, అలా రెండో మనిషి కాటు తిన్న ఘటనలున్నాయి. దూరం నుంచి ఫోనులో ఫోటో తియ్యగలిగితే మంచిదే, లేకపోతే దాని ఊసు వదిలెయ్యవచ్చు.

ఇంతవరకూ భయాన్ని అదుపులో పెట్టే మాటలే చెప్పాను. రక్తపింజర కాటు నుంచి బతికి బయటపడినవాళ్ళ విషయంలో మాత్రం ఊరూ వైద్యులూ కూడా తరచు అవతలి వైపు తప్పు చేస్తారు. డిశ్చార్జి అయిన నెలలకో, ఏడాదికో ఆ మనిషి నీరసమంటాడు, ఎండలో నిలవలేకపోతున్నానంటాడు, ఆకలి లేదంటాడు. మగవాడికి గడ్డం పలచబడుతుంది, ఆడమనిషికి నెలసరి ఆగిపోతుంది. విషం ఇంకా ఒంట్లో ఉందేమోనని దిగులుపడితే ఇంట్లోవాళ్ళు భయం పట్టుకుందంటారు, దిష్టి తీయిస్తారు. విషం ఒంట్లో లేదన్నది నిజమే. కానీ కాటు పడిన రోజుల్లో పుర్రె అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో నెత్తురు గడ్డకట్టో, చిమ్మో ఆ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. 1980లలో బర్మాలో రక్తపింజర కాటు తిన్నవాళ్ళలో దీన్ని గుర్తించారు, తర్వాత దక్షిణ భారతంలోనూ ఇలాంటి రోగులు బయటపడ్డారు. ఆ చిన్న గ్రంథి అదిలించకపోతే థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. మామూలు జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడు అలాంటివాళ్ళ రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు. కాటు సమయంలో మూత్రపిండాలు దెబ్బతిని, డయాలసిస్ దాకా వెళ్ళి వచ్చినవాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉదయం పూట తీసిన నెత్తుటిలో కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్ల పరీక్షలు, వాటితోపాటు క్రియాటినిన్ చూస్తే ఈ అనుమానం చాలావరకు తేలిపోతుంది. లోపం బయటపడితే రోజూ వేసుకునే మాత్రలతో సరిదిద్దవచ్చు. ఫలానా ఏడాది పాము కరిచిందన్న మాట మాత్రం రోగే గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పాలి, నీరసమని వచ్చిన మనిషిని పాముకాటు గురించి అడగాలని ఎవరికీ తట్టదు.